ఐసు పెట్టా, ఆవిరి యంత్రమా?

19వ శతాబ్దం చివర్లో మాంసాన్ని చెడిపోకుండా దూరం పంపాలంటే, నాలుగైదు రోజుల దారికైతే ఐసే మేలు. 1878 ప్రాంతంలో షికాగో మాంసం వ్యాపారి గుస్టావస్ స్విఫ్ట్ కోసం ఇంజనీరు ఆండ్రూ చేజ్ రూపొందించిన రైలు పెట్టెలో ఐసు పైభాగాన ఉండేది. చల్లగాలి బరువు కాబట్టి తనంతట తానే కిందికి దిగేది. చెడిపోవడానికి యంత్రమే లేదు. కాకపోతే దారి పొడవునా ఐసు నింపుతూ పోవాలి.

నడిసముద్రంలో ఎక్కడ నింపుతారు? అందుకే 1882లో న్యూజిలాండ్ నుంచి లండన్ బయల్దేరిన 'డునెడిన్' ఓడలో గాలిని నొక్కి, చల్లార్చి, వ్యాకోచింపజేసి ఇంకా చల్లబరిచే బెల్-కోల్‌మన్ యంత్రం పెట్టారు; అది ఆవిరితో నడిచేది. ఇది మాంసాన్ని గడ్డకట్టించేస్తుంది. టెన్షన్ కూడా ఎక్కువే: తెరచాప ఓడ కదా, యంత్రం బాయిలరు నుంచి నిప్పురవ్వలు ఎగిరి తెరచాపలు అంటుకున్నాయి. గాలి సరిగా తిరగడానికి మాంసం గదిలోకి దూరి కన్నాలు కోయబోయిన కెప్టెన్ చలికి చచ్చి బతికాడు. అయినా 98 రోజుల తర్వాత, దాదాపు 5,000 కళేబరాల్లో పారేసింది ఒక్కటే.