ఇల్లు చూసే ముందు ఇంటి రికార్డు చూడండి: న్యూయార్క్ ఓపెన్ డేటా

న్యూయార్క్‌లో అద్దెకు ఇల్లు వెతికే మనవాళ్లు మూడు విషయాలు అడుగుతారు: రైలు స్టేషన్ ఎంత దూరం, అద్దె ఎంత, పోపు వేస్తే పొగ అలారం మోగుతుందా. మూడూ అడగవలసినవే. కానీ ఆ భవనంలో నిరుడు జనవరిలో గది వెచ్చబెట్టే రేడియేటర్లు వెచ్చగా ఉన్నాయా, నల్లులు ఎప్పుడు పట్టాయి, యజమాని మీద నగరం కేసులేమైనా పెట్టిందా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా బ్రోకరు చెప్పడు. ఆ జవాబులన్నీ నగర ప్రభుత్వం తన ఓపెన్ డేటా పోర్టల్‌లో ఉచితంగా పెట్టింది. క్వీన్స్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నదాన్ని. కొత్తగా వచ్చే పిల్లలకు ఇళ్లు చూసిపెట్టడం నాకు జీతం లేని ఉద్యోగమైపోయింది. అందుకే ఈ సేవ గురించి కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. ఐదు మార్కులకు నాలుగిస్తాను. ఆ ఒక్కటి ఎందుకు కోశానో తరవాత చెబుతాను.

2012లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ మేయరుగా ఉండగా లోకల్ లా 11 అనే చట్టం వచ్చింది. నగర శాఖల దగ్గరున్న సమాచారంలో బయటపెట్టదగినదంతా ఒకేచోట, కంప్యూటర్‌తో లెక్కలు కట్టుకోగలిగే రూపంలో జనానికి ఇవ్వాలన్నది దాని సారం. మన దేశంలో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ముప్పై రోజులు ఎదురుచూస్తాం. ఇక్కడ అడగకముందే పెట్టాలి. వీధి చెట్లు, రోడ్డు ప్రమాదాలు, ఎలుకల తనిఖీలు, హోటళ్ల వంటగదుల మార్కులు... పట్టికలు వేలల్లో ఉన్నాయి.

వీటివల్ల ఊరికి ఒరిగిందేమిటని మా ఆయన ఒకసారి అడిగితే బెన్ వెల్లింగ్టన్ సంగతి చెప్పాను. గణాంకాలు పాఠం చెప్పే మనిషి. పార్కింగ్ జరిమానాల పట్టిక ముందు పెట్టుకుని, నగరంలో ఏ ఫైర్ హైడ్రంట్ (మంటలార్పేవాళ్ల నీటి గొట్టం, దాని పక్కన బండి నిలపకూడదు) దగ్గర ఎక్కువ డబ్బు రాలుతోందో చూశాడు. మన్‌హాటన్‌లోని ఫోర్సిత్ వీధిలో రెండు హైడ్రంట్ల దగ్గరే ఏడాదికి 55,000 డాలర్లు తేలింది. అక్కడి గీతలు చూస్తే ఎవరైనా బండి పెట్టుకోవచ్చనే అనుకుంటారు. 2014లో ఆయన ఆ విషయం రాశాక గీతలు మార్చారు. 2016లో ఇంకో లెక్క తీశాడు: చట్టం ఒప్పుకునే చోట నిలిపిన కార్లకు కూడా జరిమానాలు పడుతున్నాయని. పోలీసు శాఖ పొరపాటు ఒప్పుకుంది. మా ఆయనకు ఇది తెగ నచ్చింది. మాకు కారు లేదు, అది వేరే సంగతి.

నాకు పనికొచ్చేది 311 ఫిర్యాదుల పట్టిక. 311 అంటే ఊరికి సంబంధించిన ఏ ఇబ్బందికైనా చేసే ఫోను నంబరు. 2003 నుంచి ఉంది. పై వాటాలో అర్ధరాత్రి పాటలు, వీధిలో గుంత, గోడకు చెమ్మ, అన్నీ దానికే. 2010 నుంచి వచ్చిన ఫిర్యాదులు ఒక్కోటీ ఒక్కో వరుసగా పట్టికలో ఉన్నాయి: ఏ రోజు ఏ గంటకు వచ్చింది, ఏ చిరునామా, ఏ శాఖకు వెళ్లింది, ఎప్పుడు మూసేశారు, ఏమని రాసి మూసేశారు. మొత్తం దింపుకోవాలని చూడకండి. కోట్ల వరుసలు. ఎక్సెల్ పది లక్షల పైచిలుకుకే చేతులెత్తేస్తుంది. పోర్టల్‌లోనే చిరునామాతో వడగట్టుకోండి.

అప్పుడు "హీట్/హాట్ వాటర్" అన్న మాట కోసం చూడండి. దాని పక్క గడిలో "అపార్ట్‌మెంట్ ఓన్లీ" అని ఉంటే ఒక్క వాటాకే తిప్పలు వచ్చాయని అర్థం. "ఎంటైర్ బిల్డింగ్" అని ఉంటే భవనమంతా చల్లబడింది. ఆ రెండో మాట ఏటా డిసెంబరులో, జనవరిలో గుంపుగా కనబడితే బాయిలర్ ముసలిదని, యజమాని దాన్ని మార్చే ఉద్దేశంలో లేడని నేను అనుకుంటాను. ఇంతవరకు ఆ అంచనా తప్పలేదు.

చలికాలం నియమం కూడా తెలుసుకోండి, ఎందుకంటే "అమెరికాలో చలి ఇంతేనేమో" అనుకుని స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకునే పిల్లల్ని చూశాను. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు, ఉదయం ఆరు నుంచి రాత్రి పది లోపు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. మన లెక్కలో 20 డిగ్రీలు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట ఎంతున్నా లోపల 62 తగ్గకూడదు. వేడినీళ్లు ఏడాది పొడవునా రావాలి. ఇది యజమాని దయ కాదు, చట్టం.

చిరునామా దగ్గరే చాలామంది బోల్తా పడతారు. క్వీన్స్‌లో 37వ అవెన్యూ వేరు, 37వ రోడ్డు వేరు, 37వ స్ట్రీట్ వేరు. ఇంటి నంబరు మధ్యలో గీత ఉంటుంది. పట్టికలో "80వ స్ట్రీట్" అని ఉండదు, "80 స్ట్రీట్" అనే ఉంటుంది. ఒక్క అక్షరం తేడా వస్తే ఏమీ దొరకదు. ఏమీ దొరకకపోతే ఇల్లు బంగారమనుకుని అడ్వాన్సు కట్టేస్తారు. దీనికి మందు బీబీఎల్ నంబరు. మన సర్వే నంబరు లాంటిది. పది అంకెలుంటాయి: మొదటి అంకె బరో, అంటే నగరంలోని ఐదు పెద్ద భాగాల్లో ఏదన్నది (క్వీన్స్‌కు 4), తరవాతి ఐదు బ్లాకు, చివరి నాలుగు స్థలం నంబరు. అది పట్టుకుంటే చిరునామా ఎవరెలా రాసినా దారి తప్పదు. మూల స్థలంలో ఉన్న భవనాలకు రెండు వీధుల పేర్లతోనూ ఫిర్యాదులు నమోదవుతుంటాయి, అక్కడ మరీ అవసరం.

311 ఫిర్యాదు అంటే ఒకరు చెప్పిన మాట. ఉల్లంఘన అంటే గృహ నిర్వహణ శాఖ మనిషి వచ్చి కళ్లతో చూసి రాసింది. ఈ రెండో పట్టికలో మూడు తరగతులున్నాయి. "ఏ" తరగతి ప్రమాదం లేనివి, బాగుచేయడానికి 90 రోజుల గడువు. "బీ" ప్రమాదకరమైనవి, 30 రోజులు. "సీ" తక్షణ ప్రమాదం: వేడి లేకపోవడం, చిన్నపిల్లలున్న ఇంట్లో సీసం కలిసిన రంగు పెచ్చులూడటం వంటివి. పాత భవనమంటే "ఏ" తరగతివి నాలుగైదు ఉంటాయి, కంగారు పడనక్కర్లేదు. "సీ" తరగతివి ఉంటే, అందులోనూ ఈ ఏడాదివి ఉంటే, ఆ ఇల్లు నేను ఎవరికీ చెప్పను. ఒక చిక్కు ఉంది: బాగుచేయించినా, చేయించామని యజమాని కాగితం పెట్టేదాకా ఉల్లంఘన తెరిచే ఉంటుంది. కాబట్టి 2009 నాటి విరిగిన కిటికీని చూసి హడలిపోవద్దు. తేదీలు చూడండి.

నల్లుల పట్టిక వేరే ఉంది. ఏ భవనంలో ఎన్ని వాటాలకు నల్లులు పట్టాయో యజమానులు ఏటా నగరానికి లెక్క చెప్పాలి. కొత్తగా అద్దెకు వచ్చేవారికి ఆ ఇంటి ఏడాది నల్లుల చరిత్ర కాగితం మీద ఇవ్వాలని కూడా నియమం. అడగండి. పరుపు వీధిలో పారేసే గతి వచ్చాక అడిగితే లాభం లేదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చినది నగరం చేసింది కాదు, నగరం డేటాతో బయటివాళ్లు చేసింది. జస్ట్‌ఫిక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ "హూ ఓన్స్ వాట్" అని ఒక సైటు తయారుచేసింది. మూడు, అంతకంటే ఎక్కువ వాటాలున్న భవనాల యజమానులు ఏటా నగరం దగ్గర నమోదు చేసుకోవాలి. అధికారి పేరు, మేనేజర్ పేరు, ఆఫీసు చిరునామా ఇవ్వాలి. ఇక్కడ చాలా భవనాలు ఒక్కోటీ ఒక్కో కంపెనీ పేరు మీద ఉంటాయి. ఆ కంపెనీ పేరు చాలాసార్లు ఆ భవనం నంబరే. మనిషి దొరకడు. ఈ సైటు ఆ నమోదు పత్రాల్లోని పేర్లను, ఆఫీసు చిరునామాలను కలిపి చూసి, ఇదే చేతిలో ఇంకా ఏయే భవనాలున్నాయో పటం మీద చూపిస్తుంది. ఒక్కోదాని ఉల్లంఘనలు పక్కనే.

మా భవనం యజమాని పేరు రాయను. కానీ ఒక చలికాలం సంగతి రాస్తాను. రేడియేటర్ పట్టుకుంటే ఇనుప బీరువా పట్టుకున్నట్టే ఉండేది. మేనేజరుకు ఫోను చేస్తే "ఇంకెవరూ చెప్పలేదండీ, మీ ఒక్కరికే" అనే ధోరణి. పట్టిక తీశాను. ఆ నెలలోనే మా చిరునామా నుంచి ఫిర్యాదులు వరుసగా ఉన్నాయి, దాదాపు అన్నీ "ఎంటైర్ బిల్డింగ్". కొన్ని "ఇంకొకరు ముందే చెప్పిన సమస్య ఇదే" అని, కొన్ని "లోపలికి వెళ్లి చూసే వీలు చిక్కలేదు" అని మూతపడ్డాయి. అంటే పై అంతస్తు బంగ్లాదేశ్ కుటుంబం, కింద ఉండే ఈక్వడార్ పెద్దావిడ, నేను, ఎవరికి వాళ్లం ఒంటరిగా వణుకుతూ ఒంటరిగా ఫోన్లు చేస్తున్నాం. ఆ పేజీ అచ్చు తీసి పోస్టు డబ్బాల పక్కన అంటించాను. కింద తారీకులు, థర్మామీటర్ లెక్కలు రాసుకోవడానికి గడులు గీశాను. తనిఖీ మనిషి వచ్చే వేళకు ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా వంతులు వేసుకున్నాం. సీ తరగతి ఉల్లంఘన పడింది. బాయిలర్‌కు కొత్త పంపు వచ్చింది. మేనేజరు ఇప్పుడు మెట్ల మీద కనబడితే నాకంటే ముందే నమస్కారం పెడతాడు.

కోసిన ఆ ఒక్క మార్కు గురించి. ఈ పట్టికలు ఫిర్యాదు చేసిన చోట మాట్లాడతాయి, చేయని చోట నోరు మూసుకుంటాయి. మనవాళ్లు చెయ్యరు. వీసాకు ఏమైనా అవుతుందేమో, యజమాని పొమ్మంటాడేమో, "సర్దుకుపోదాంలే ఆంటీ, ఆరు నెలలే కదా". దాంతో మనవాళ్లు ఎక్కువగా ఉండే భవనం రికార్డు పటిక ముక్కంత శుభ్రంగా ఉంటుంది. తరవాత వచ్చే పిల్లలు అది చూసి దిగుతారు. 311 పట్టికలో ఫిర్యాదు చేసినవారి పేరుండదు. గృహ శాఖ పట్టికలో మాత్రం వాటా నంబరు ఉంటుంది, ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. ఫిర్యాదు చేశారని కక్ష సాధించడం చట్టవిరుద్ధమే, కానీ ఆరు వాటాల భవనంలో ఎవరు చేశారో యజమానికి తెలియకపోదు. భవనంలో అందరూ వాడే చోట్ల ఫిర్యాదులు, భవనమంతటి ఫిర్యాదులు నలుగురూ కలిసి చేస్తే ఆ భయం సగం తగ్గుతుంది. ఇక భాష: నగర శాఖలు సేవలందించాల్సిన పది భాషల్లో బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. పోర్టల్ ఇంగ్లీషులో కూడా గుమాస్తాల ఇంగ్లీషు. మా అత్తగారి వయసు వాళ్లు ఎవరి సాయమూ లేకుండా దీన్ని వాడలేరు.

బేస్‌మెంట్ వాటాల విషయంలో రికార్డు శుభ్రంగా ఉందన్న మాట అసలు నమ్మకండి. చాలావాటికి నివాసానికి అనుమతే ఉండదు, కాబట్టి కాగితాల్లో అక్కడ ఎవరూ ఉండనట్టే లెక్క. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను శేషం వచ్చి సెంట్రల్ పార్కు దగ్గర ఒక్క గంటలో 3.15 అంగుళాలు కురిసింది. నగరంలో బేస్‌మెంట్ ఇళ్లలో 11 మంది చనిపోయారు. ఎక్కువమంది మా క్వీన్స్‌లోనే. నగరం వాననీటి ముంపు పటాలు పెట్టింది. ఫ్లడ్‌నెట్ అని విశ్వవిద్యాలయాల వాళ్లు నగరంతో కలిసి వీధి స్తంభాలకు సెన్సార్లు బిగించి, ఏ మూలలో ఎంత లోతు నీరు నిలిచిందో అప్పటికప్పుడు చూపిస్తున్నారు. బేస్‌మెంట్ చూడటానికి రమ్మంటే నేను ముందు ఆ పటం తీస్తాను. నీలం రంగు ఆ వీధిని తాకితే, అద్దె ఎంత తక్కువైనా రైలెక్కను.

జెర్సీ సిటీ ఇళ్ల గురించి అడిగేవారికి: హడ్సన్ నది దాటితే ఈ పట్టికలేవీ పనికిరావు, ఇవి ఐదు బరోలకే. అక్కడివాటికి నన్ను అడగకండి. మా చెల్లెలు ఎడిసన్‌లో ఉంటుంది, ఆ అవతలి గొడవలన్నీ దానికే తెలుసు.