పాత డెస్క్‌టాప్‌కు ఏ ర్యామ్ మేలు: చవకలో కొత్తదా, కంపెనీది పాతదా?

కర్నూలు, అనంతపురం, కడపల్లో జిరాక్స్ షాపుల్లోనూ డీటీపీ సెంటర్లలోనూ హెచ్61, హెచ్81 మదర్‌బోర్డుల కంప్యూటర్లు ఇంకా పొద్దస్తమానం పనిచేస్తూనే ఉన్నాయి. అక్కడక్కడా జీ41 కూడా కనిపిస్తుంది. ఇవి ఇంటెల్ చిప్‌సెట్ల పేర్లు, అంటే బోర్డులోని భాగాలను కలిపి నడిపే ముఖ్యమైన చిప్పుల పేర్లు. ఈ బోర్డులన్నిటికీ డీడీఆర్3 రకం ర్యామే కదా, ఏది తెచ్చి వేసినా ఒకటేనని చాలామంది అనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఒక బోర్డులో చక్కగా నడిచే 4 జీబీ ర్యామ్ స్టిక్ పక్క బోర్డులో డిస్‌ప్లే కూడా ఇవ్వదు. స్టిక్ చెడిపోయిందనుకుంటారు గానీ దానికి ఏమీ అయి ఉండదు.

అందుకే కొనకముందే బోర్డు సంగతి తేల్చుకోవాలి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేస్తే మెయిన్‌బోర్డ్ పేజీలో చిప్‌సెట్ పేరు, ఎస్‌పీడీ పేజీలో ఇప్పుడున్న స్టిక్ సైజు, వేగం, తయారీదారు కనిపిస్తాయి. లైనక్స్‌లో అయితే డీఎంఐడీకోడ్ కమాండ్ ఇదే చెబుతుంది. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే ఉన్నా మధ్య గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. డీడీఆర్4కు 288 పిన్నులు. గాడి కలవకపోతే బలవంతంగా నొక్కొద్దు, స్లాట్ విరుగుతుంది.

హెచ్61, హెచ్81 బోర్డులతో పెద్ద తలనొప్పి లేదు. ఒక్కో స్లాట్‌లో 8 జీబీ చొప్పున రెండు స్లాట్లలో 16 జీబీ దాకా తీసుకుంటాయి. ఒకే స్టిక్‌లో 16 జీబీ ఉన్నది మాత్రం వీటిలో నడవదు. హెచ్61లో రెండో తరం ఐ3 ప్రాసెసర్ ఉంటే 1600 వేగం స్టిక్ వేసినా 1333 వేగంతోనే నడుస్తుంది. దానివల్ల నష్టమేమీ లేదు.

జీ41 దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఆ చిప్‌సెట్‌కు 2 గిగాబిట్ చిప్పుల వరకే తెలుసు (8 గిగాబిట్‌లు కలిస్తే ఒక జీబీ). 4 జీబీ స్టిక్‌లో రెండు వైపులా కలిపి 16 చిప్పులుంటే ఒక్కొక్కటి 2 గిగాబిట్‌లు, కాబట్టి నడుస్తుంది. ఎనిమిదే ఉంటే ఒక్కొక్కటి 4 గిగాబిట్‌లు, బోర్డు దాన్ని గుర్తించదు. ఇప్పుడు కొత్తగా దొరికే 4 జీబీ స్టిక్‌లలో చాలావరకు ఎనిమిది చిప్పులవే. కాబట్టి జీ41 ఉన్నవాళ్లు పాత స్టిక్ వెతకడమే మేలు.

ఇక అసలు ప్రశ్న. ఆన్‌లైన్‌లో పేరు తెలియని కంపెనీల కొత్త డీడీఆర్3 చవకగా కనిపిస్తుంది. ఇంకోపక్క ఆఫీసుల్లో తీసేసిన కంప్యూటర్ల నుంచి ఊడదీసిన శాంసంగ్, హైనిక్స్, మైక్రాన్ స్టిక్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. హెచ్61కైనా జీ41కైనా నా ఓటు పాతదానికే. ర్యామ్‌లో తిరిగే భాగాలు, అరిగే భాగాలు లేవు. కొన్నేళ్లు తేడా లేకుండా నడిచిన స్టిక్ ఇంకా నడవడానికే అవకాశం ఎక్కువ. పేరు లేని కొత్తదానిలో ఏ చిప్పులు వేశారో స్టిక్కర్ చూసి చెప్పలేం.

అన్నిటికన్నా పెద్ద మోసం 'ఏఎండీ మాత్రమే' (ఇంటెల్‌కు పోటీ కంపెనీ ప్రాసెసర్లకు మాత్రమే) స్టిక్‌లది. వాటిలో ఎక్స్4 రకం (ఒక్కో చిప్పు ఒకసారికి 4 బిట్లు ఇచ్చే) చిప్పులుంటాయి, ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులు ఆ రకాన్ని తీసుకోవు. వాటి మీదా 16 చిప్పులుంటాయి కాబట్టి, పైన చెప్పిన లెక్క ఒక్కటే పట్టుకుని జీ41కు కొంటే దెబ్బతింటారు. చిప్పులు లెక్కపెట్టడంతో పాటు లేబుల్ మీద 2ఆర్ఎక్స్8 (ఎక్స్8 రకం చిప్పులు, రెండు వరసలు) అని ఉందో లేదో చూడాలి. వివరాల్లో 'ఫర్ ఏఎండీ' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవకుండా డబ్బు కట్టొద్దు. సర్వర్ల నుంచి తీసిన ర్యామ్ ఇంకా చవక, కానీ అదీ పనికిరాదు. లేబుల్‌లో పీసీ3-12800 తర్వాత ఆర్ అక్షరం ఉంటే సర్వర్‌ది, యూ ఉంటే డెస్క్‌టాప్‌ది. ఒక వైపు ఎనిమిదికి బదులు తొమ్మిది చిప్పులున్నా పక్కన పెట్టేయండి.

శాంసంగ్ స్టిక్ అయితే పార్ట్ నంబరే అంతా చెప్పేస్తుంది. ఎం378తో మొదలైతే డెస్క్‌టాప్, ఎం393 సర్వర్, ఎం471 ల్యాప్‌టాప్. ఎం378బి5273 అంటే 16 చిప్పుల 4 జీబీ, జీ41కు అదే కావాలి. ఎం378బి5173 ఎనిమిది చిప్పుల 4 జీబీ, హెచ్61, హెచ్81లకు సరిపోతుంది. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ దొరికినా తీసుకోవచ్చు, అది 1.5 వోల్టులతోనూ నడుస్తుంది.

ఉన్నదాని పక్కన ఇంకోటి వేయాలా, ఉన్నవి తీసేసి పెద్దది వేయాలా? ఒకే 4 జీబీ ఉండి ఒక స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ చేర్చండి. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే రెండు దారులు (చానెళ్లు) కలిసి పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు దీనివల్ల తెర పనిలో కొంత ఊపు వస్తుంది. కంపెనీ ఒకటే కావాలన్న నియమం లేదు. వేగాలు వేరైతే రెండూ తక్కువదానితో నడుస్తాయి, అంతే. రెండు స్లాట్లూ 2 జీబీలతో నిండి ఉంటే మాత్రం, బోర్డు హెచ్61 లేదా హెచ్81 అయితే, రెండూ తీసేసి ఒక 8 జీబీ వేయడం మేలు. రెండో స్లాట్ తర్వాతి అవసరానికి మిగులుతుంది.

పనిని బట్టి కూడా ఆలోచించాలి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు చేసేవాళ్లకు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపేవాళ్లకు 8 జీబీ చాలు. దాని మీద మిగిలే డబ్బు ఎస్‌ఎస్‌డీకి (హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన డ్రైవ్‌కు) పెట్టండి, తేడా కంటికి కనబడుతుంది. ఫొటోషాప్‌లో పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లకైతే 16 జీబీ పెట్టినా వృథా కాదు. కానీ విండోస్ 32 బిట్ ఉంటే 4 జీబీకి మించి ఎంత వేసినా వాడుకోదు. ముందు 64 బిట్‌కు మారాలి.

అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ సీటీసీకో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) పోయి కొనేటప్పుడు పాత స్టిక్ వెంట తీసుకెళ్లండి. నోటితో చెప్పే వివరాలకన్నా చేతిలో ఉన్న లేబుల్ నయం. నడవకపోతే మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి. ఇంతదూరం మళ్లీ వెళ్లడం ఎవరికైనా కష్టమే.

బిగించేటప్పుడు కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మన పొడి గాలికి ఒంట్లో స్టాటిక్ చేరుతుంది కాబట్టి క్యాబినెట్ ఇనుమును తాకి మొదలుపెట్టండి. బేతంచెర్ల లాంటి నాపరాళ్ల ఊళ్లలో స్లాట్ల నిండా సన్నటి రాతి దుమ్ము ఉంటుంది, మెత్తటి బ్రష్‌తో తీసేయాలి. బంగారు రంగు పిన్నులను తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, రజను తుడవండి. రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పడేదాకా సమంగా నొక్కాలి.

డిస్‌ప్లే రాకుండా బీప్‌లు మోగితే ఒక్కో స్టిక్‌నూ ఒంటరిగా, ఒక్కో స్లాట్‌లోనూ వేసి చూడండి. ఒంటరిగా రెండూ నడిచి జతగా నడవకపోతే బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ కొన్ని నిమిషాలు తీసి మళ్లీ పెట్టండి, బోర్డు సెట్టింగులు మొదటికి వస్తాయి. విండోస్ తెరుచుకుందని అక్కడితో ఆగొద్దు. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86+ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాం వేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ కనిపించినా, గడువు దాటకముందే ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయండి. అది తర్వాత ఫైళ్లను పాడుచేస్తుంది, అప్పుడు నేరం హార్డ్‌డిస్క్ మీద పడుతుంది.