సురవరం పుస్తకాలు: ఏది ముందు చదవాలి?

మహబూబ్‌నగర్‌లో ఒక పాత పుస్తకాల దుకాణంలో సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’, ‘రామాయణ విశేషాలు’, ‘హిందువుల పండుగలు’ ఒకేసారి దొరికితే బేరమాడకుండా కొన్నాను. గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన ఈ పాలమూరు పండితుని పేరు తెలిసినంతగా ఆయన పుస్తకాలు మా వాళ్ళకు తెలియవు. నాకూ నిన్న మొన్నటి దాకా తెలియవు.

ముందుగా సాంఘిక చరిత్రనే చదవండి. 1949లో వెలువడి, 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ఈ గ్రంథంలో చాలా అధ్యాయాలకు రాజవంశాల, రాజ్యాల పేర్లే ఉన్నా, లోపల కనబడేది జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట. ఓరుగల్లును వర్ణించిన పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలోని పూటకూళ్ళ ఇంటిలో ఒక రూకకు ఏమేమి వడ్డించేవారో చదివిన తరువాత, కాకతీయుల ఓరుగల్లు నాకు శిలాతోరణంగా కాక, ఆకలి వేసిన బాటసారులు తిరిగే ఊరుగా తోచింది. నిఘంటువులు ‘ఒక క్రీడావిశేషము’ అని దాటవేసిన మాటల దగ్గర ఆయన ఆగి, అది ఏ ఆటో తేల్చడానికి పడే తంటా ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటె నచ్చిన భాగం. అయితే ఆధారాలలో ఎక్కువ భాగం కావ్యాలే కావడం వల్ల, కవి కన్ను పడని మెట్టపొలాల రైతు ఇందులో తక్కువగానే కనిపిస్తాడని నా అభిప్రాయం.

‘రామాయణ విశేషాలు’ వాల్మీకిని పారాయణ గ్రంథంగా కాక పరిశోధించవలసిన గ్రంథంగా చూస్తుంది. ఆయన వాదాలన్నిటినీ నేను ఒప్పుకోలేదు గాని, భక్తులున్న ఇంట్లో కూడా దీనిని నిస్సంకోచంగా చదవవచ్చు. పండుగల పుస్తకం తేలికైనది. ఏ పండుగకు ఆ భాగం విప్పి చదివితే చాలు.

నాకు దొరికిన సాంఘిక చరిత్ర ప్రతిలో మాత్రం అక్షరాలు చిన్నవి, చివర పదసూచిక లేదు. ఇన్ని వందల పాతమాటలున్న పుస్తకానికి అది పెద్ద లోటు. ‘పూటకూళ్ళు’ ఏ పుటలో ఉందో మళ్ళీ వెదకడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మీరు కొనేటప్పుడు చివరి పుటలు ఒకసారి తిప్పి చూడండి.