సుబేదారి భోజన హోటల్: అద్దాల తలుపుకు అవతల

వంకలు కూడా చెప్పాలి కాబట్టి పేరు రాయను. హన్మకొండ సుబేదారిలో మెట్లెక్కి వెళ్లే భోజన హోటల్. మామూలు హాల్లో ప్లేటు 110. అద్దాల తలుపు తోసుకుని ఏసీ హాల్లోకి వెళ్తే అదే భోజనం 150.

మొదటిసారి వెళ్లినప్పుడు అలవాటు కొద్దీ బయటే కుర్చీ లాగాను. "సార్, ఫ్యామిలీతోని వచ్చిండ్రు, లోపల కూసోండ్రి, ఖాళీనే ఉన్నది" అన్నాడు వడ్డించే పిల్లాడు. మా ఆవిడ నా మొహం చూసింది. ఇక్కడికి రాకముందు సికింద్రాబాద్ పక్కన మల్కాజ్‌గిరిలో ఉన్న ఆరేళ్లూ హోటల్ అంటే ముందు రేట్ల బోర్డు చదివేవాళ్లం, తర్వాతే ఆకలి.

పుంటికూర (గోంగూర) పప్పు కోసమే వెళ్లొచ్చు. వెల్లుల్లి పోపు మాడదు, పులుపు చివర్లో తెలుస్తుంది. పచ్చిపులుసులో ఉల్లిపాయ చేత్తో పిసికి వేసిందే. దొండకాయ వేపుడు మాత్రం నూనెలో ఈదుతోంది. పెరుగు కప్పు మరీ చిన్నది, మళ్లీ అడిగితే 20 రూపాయలు. అన్నం మాత్రం వద్దన్నా వేస్తారు.

నేను రైల్వే ఉద్యోగిని. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు బదిలీ అయ్యాక ఇంటి అద్దె భత్యం 30 శాతం నుంచి 20 శాతానికి పడింది. నా బేసిక్ (మూల వేతనం) 49,000 కాబట్టి నెలకు 4,900 పోయినట్టే. రవాణా భత్యమూ సగమైంది, అది డీఏ (కరువు భత్యం)తో కలిపి దగ్గర దగ్గర 2,800. అక్కడ అద్దె 18,000, ఇక్కడ ఫాతిమానగర్‌లో అంతే ఇల్లు 8,500. అన్నీ పోను మిగిలేది 1,800. నలుగురం ఏసీ హాల్లో మూడు ఆదివారాలు తింటే సరి! జీతం తగ్గాక ఏసీలో కూర్చోవడం చూసి మా బావమరిది నవ్వుతాడు. పెద్దాడి ఇంటర్ ఫీజుకు, పెట్రోలుకు, వాడడుగుతున్న ఫోనుకు మాత్రం ఈ ఊరు ఆ ఊరు అని లేదు. వాటి ముందు మేం ఇంకా మల్కాజ్‌గిరి వాళ్లమే.

పోయిన వారం చేతులు కడుక్కునే చోట ఒక పెద్దాయన కలిశాడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి వస్తున్నాడట, భుజం మీది తువ్వాలకు ఇంకా ఎర్ర పొడి ఉంది. ఆరుగురికి బిల్లు ఆయనే కట్టాడు, బయటి హాల్లోనే. లోపల చల్లగా ఉంది కదా అంటే, "ఏసీల బువ్వ సల్లారుతది బిడ్డా" అన్నాడు. నిజమే, మా పప్పు అప్పటికే చల్లారిపోయింది.

ఆదివారం ఒంటిగంట లోపే వెళ్లండి. ఆ తర్వాత పుంటికూర అయిపోయి టమాట పప్పు పెడతారు, రేటు మాత్రం అదే.