హౌటన్ హాల్ డే టూర్: ఇల్లు చూపించారు, ఇంటివాళ్ళ సంగతి వదిలేశారు

లండన్ నుంచి నార్ఫోక్‌లోని హౌటన్ హాల్‌కి కోచ్‌లో తీసుకెళ్లి సాయంత్రానికి దింపే ఒక టూర్ తీసుకున్నాం. కంపెనీ పేరు చెప్పను, ఇలాంటివి నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరిదీ దాదాపు ఇదే పద్ధతి అనుకుంటా. బస్సు బాగుంది, ఏసీ బాగుంది, డ్రైవర్ టైమ్‌కి వచ్చాడు. సమస్యంతా గైడ్‌తోనే.

ఇది రాబర్ట్ వాల్‌పోల్ ఇల్లు. 1721 నుంచి 1742 దాకా బ్రిటన్‌ని నడిపినవాడు, అక్కడి మొదటి ప్రధానమంత్రిగా అందరూ లెక్కేసేవాడు. దారి పొడవునా మా గైడ్ చెప్పింది ఇదొక్కటే, మైక్ పట్టుకుని తిప్పి తిప్పి. అది తెలియకుండా టికెట్ కొనేవాళ్ళు ఎవరుంటారు? ఆ మనిషి ఎవరి కొడుకు, ఎవర్ని చేసుకున్నాడు, ఇంత ఇల్లు కట్టడానికి డబ్బు ఎక్కడిది, తర్వాత ఎవరు తగలేశారు అన్నవి చెప్తే కదా ఆ గదుల్లో తిరుగుతుంటే మజా వచ్చేది!

వాల్‌పోల్ ఆ ఊరి భూస్వామి కొడుకే, 1676లో అక్కడే పుట్టాడు. పెద్ద కొడుకు కాదు కాబట్టి కేంబ్రిడ్జ్‌లో చదువుకోమని పంపారు, కానీ అన్నలు పోవడంతో 1698లో చదువు మానేసి పొలాలు చూసుకోడానికి ఇంటికొచ్చేశాడు. 1700లో తండ్రి పోయాడు, ఆస్తి చేతికొచ్చింది, అదే ఏడు పెళ్ళి. కేథరిన్ షార్టర్ కలప వ్యాపారి కూతురు, కట్నం 20,000 పౌండ్లు. ఆ డబ్బంతా పెళ్ళి ఖర్చులకీ నగలకీ పిల్లల బాప్టిజమ్‌లకే అయిపోయిందని సొంత తమ్ముడే చెప్పుకున్నాడట. మనవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, బస్సులో సగం మంది నిద్ర లేచేవాళ్ళు.

తర్వాత కింగ్స్ లిన్ నుంచి ఎంపీ, 1712లో అవినీతి కేసులో కొన్ని నెలలు లండన్ టవర్‌లో ఖైదు, మళ్ళీ పైకి రావడం. పదవి స్థిరపడ్డాక 1722లో పాత ఇల్లు కూల్చి ఇది మొదలుపెట్టాడు, పదేళ్ళకి పైనే పట్టింది. పార్కుకి అడ్డమొచ్చిందని పాత ఊరినే లేపేసి గేటు బయట కొత్త ఊరు కట్టించాడు, చర్చిని మాత్రం ఉంచాడు. రోడ్డుకి రెండువైపులా వరసగా తెల్ల ఇళ్ళు కనిపిస్తాయి, మా బస్సు వాటి పక్కనుంచే వెళ్ళింది. అప్పుడు గైడ్ భోజనం ఏర్పాట్ల గురించి చెప్తున్నాడు.

ఇల్లు మాత్రం అదిరింది. స్టోన్ హాల్ అనే మొదటి హాలు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 40 అడుగులే. అక్కడ రోమన్ చక్రవర్తుల తలల మధ్య వాల్‌పోల్ తల కూడా రోమన్ వేషంలో పెట్టుకున్నాడు, ఎంత ధైర్యం! మహోగని చెక్క ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది, కాలనీల నుంచి వచ్చే కలపమీద సుంకం ఎత్తేసింది 1721లో ఆయన ప్రభుత్వమే మరి. ఇక విలియం కెంట్ అనే డిజైనర్ చేసిన ఆ ఆకుపచ్చ వెల్వెట్ మంచం. తలవైపు పెద్ద ఆల్చిప్ప ఆకారం, దాని అంచులన్నీ జరీ. ఆ జరీ పని బిల్లు ఒక్కటే 1,219 పౌండ్ల 3 షిల్లింగుల 11 పెన్నీలు, 1732లో! చివరి 11 పెన్నీలు కూడా వదలని ఆ షాపువాడికి దండం పెట్టాలి. అంత మంచం ముందు మాకిచ్చింది రెండు నిమిషాలు. బొమ్మ సైనికుల మ్యూజియంలో మాత్రం ముప్పావు గంట కూర్చోబెట్టారు.

కేథరిన్‌తో కాపురం ఎప్పుడో చెడింది, మోలీ స్కెరెట్‌తో ఆయన బాహాటంగానే ఉన్నాడు, వాళ్ళకో కూతురు. 1737లో కేథరిన్ పోయాక మరుసటి సంవత్సరం మోలీని పెళ్ళి చేసుకున్నాడు, కొన్ని నెలలకే ఆమె కూడా పోయింది. 1742లో పదవి దిగిపోయి ఎర్ల్ అనే ప్రభువు బిరుదు పొందినప్పుడు, పెళ్ళికి ముందు పుట్టిన ఆ కూతురికి రాజు చేత ఎర్ల్ కూతురి హోదా ఇప్పించుకున్నాడు, లోకమంతా గగ్గోలు పెట్టింది. 1745లో చనిపోయేసరికి మిగిలింది బోలెడు అప్పు. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అన్నారా.

మనవడు జార్జ్ 1779లో తాత కొన్న పెయింటింగుల్లో 204 పట్టుకెళ్ళి రష్యా రాణి కేథరిన్‌కి 40 వేల పౌండ్ల పైచిలుకుకి అమ్మేశాడు. వాల్‌పోల్ చిన్న కొడుకు హొరేస్, ఆ బొమ్మల జాబితాని 1747లోనే అచ్చేయించినవాడు, కుమిలిపోయాడు. కానీ పదేళ్ళకి, 1789లో, బొమ్మల గ్యాలరీ ఉన్న వైపు తగలబడింది! తిట్టాలో మెచ్చుకోవాలో తెలీని మనవడు. హొరేస్‌కి పెళ్ళీ పిల్లలూ లేరు కాబట్టి 1797లో ఆయన పోయాక ఇల్లు వాల్‌పోల్ కూతురు మేరీ వైపు వాళ్ళకి, చమ్లీ కుటుంబానికి వెళ్ళింది. ఇప్పటికీ వాళ్ళదే. ఆ ఇంట్లో నిలబడి ఇవేవీ చెప్పకపోతే గైడ్ ఎందుకండీ, నేను ముందే చదువుకుని వెళ్ళాను కాబట్టి సరిపోయింది.

ఇంటికి ఐదుకి ఐదు, టూర్‌కి రెండు, అదీ డ్రైవర్ వల్ల. కారు ఉంటే మీరే వెళ్ళండి, లేకపోతే రైల్లో కింగ్స్ లిన్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి టాక్సీ మాట్లాడుకోవచ్చు. ఏడాదంతా తెరవరు, తేదీలు చూసుకుని బయల్దేరండి. తెల్ల జింకలు తిరిగే పార్కులోనే సెయింట్ మార్టిన్ చర్చి ఉంది, వాల్‌పోల్ సమాధి అక్కడే. మేం అడిగితే టైమ్ లేదన్నారు, మీరు దానికి ఒక గంట ఉంచుకోండి.