టెక్కలి క్వారీల కప్పీలకు మరమ్మతు చేసే వర్క్‌షాపు: మా అనుభవం

టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలలో గుంతలోంచి దిమ్మెలను పైకి లాగే డెరిక్ క్రేన్లకు వైరు రోపు మీద పెట్టే శ్రద్ధ దాన్ని మోసే కప్పీల మీద పెట్టడం అరుదు. ఒక ఘనమీటరు గ్రానైటు సుమారు 2.7 టన్నులు తూగుతుందని తెలిసినవారు కూడా రోపు మార్చేటప్పుడు కప్పీకి ఇంత గ్రీజు పూసి సరిపెట్టుకుంటారు. జాతీయ రహదారికి కాస్త లోపలగా, బోర్డు కూడా లేని ఒక వర్క్‌షాపులో మాత్రం కప్పీ అంచున రోపు కూర్చునే గాడి కొలవనిదే పని మొదలుపెట్టరు. మా క్వారీ కప్పీలను అక్కడికే పంపుతున్నాం.

మొదటిసారి కప్పీని దింపగానే అక్కడి మేస్త్రీ అడిగిన మాట: “రోపు మార్చినారు గానీ గాడి చూడనేదేటి బాబూ?” ఆయన గాడిని శుభ్రంగా తుడిపించి, అందులో గాడి కొలిచే పలక, అంటే గేజిని నిలబెట్టి, వెనక నుంచి టార్చి వేసి వెలుతురు ఎక్కడ కారుతోందో చూపిస్తారు. 20 మి.మీ. రోపుకు గాడి వ్యాసార్ధం దాదాపు 10.6 మి.మీ. ఉండాలి. కొత్త రోపు పేరుకు 20 అయినా కొలిస్తే 21 మి.మీ. వరకు ఉండవచ్చు, పాత రోపు వాడకంలో సన్నబడుతూ గాడిని తన మందానికే కోసుకుంటుంది. అలాంటి ఇరుకు గాడిలో కొత్త రోపు వేస్తే రెండు పక్కలా నొక్కుకుపోయి, పేటల (రోపులో మెలివేసిన తీగల కట్టల) మధ్య రాపిడి పెరిగి, పైకి బాగున్నట్టు కనబడుతూనే లోపలి తీగలు తెగుతాయి. గాడి మరీ వెడల్పయితే కింద ఆనిక చాలక రోపు చదునవుతుంది. గాడి అడుగున పేటల అచ్చు పడిన కప్పీ అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఆ అచ్చు కొత్త రోపు పేటలతో కలవక దాన్ని ఆకురాయిలా తినేస్తుంది.

అచ్చు లోతు తక్కువైతే లేత్ మీద గాడిని సరిచేసి ఇస్తారు. అంచు పలచబడితే చేయబోమని చెప్పి వెనక్కి పంపేస్తారు. మా కప్పీ ఒకదాన్ని అలాగే పంపారు. అరిగిన గాడిని వెల్డింగుతో నింపే పనికి వీరు ఒప్పుకోరు, అది నాకు నచ్చింది. నింపినచోట ఒక గట్టిదనం, పక్కన మరో గట్టిదనం ఉన్న గాడి సమంగా అరగదు.

గాడిలో ఒక పక్కే అరిగి ఉంటే, తప్పు కప్పీది కాదని, రోపు చుట్టుకునే డ్రమ్ముకూ కప్పీకీ వరుస కుదరలేదని చెబుతారు. రోపు గాడి వరుస నుంచి పక్కకు రెండు డిగ్రీలకు మించి వాలకూడదు, అంటే మీటరు దూరానికి సుమారు మూడున్నర సెంటీమీటర్లు. మేము క్రేన్ దగ్గర దారం కట్టి చూస్తే ఆయన మాటే నిజమైంది. బేరింగుల పనికి వంక పెట్టలేను. భావనపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి సీళ్లు త్వరగా పాడవుతాయి కనుక అవి తప్పక మార్చి, పాత గ్రీజు పూర్తిగా బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కిస్తారు. బేరింగు పట్టేసి కప్పీ తిరగకపోతే రోపు దాని మీద జారుతూ ఒకేచోట కోసేస్తుంది.

లోపాలూ ఉన్నాయి. పగుళ్ల కోసం ఎర్రరంగు పూసి తుడిచి తెల్లపొడి చల్లే పరీక్ష అడిగితేనే చేస్తారు. అడగకపోతే నేరుగా పెయింటు వేసేస్తారు, పగులు ఉంటే ఆ పెయింటు కిందే దాగిపోతుంది. రెండోది కాగితం. గ్రానైటు క్వారీలు కూడా గనుల భద్రతా చట్టం కిందికి వస్తాయి, తనిఖీకి వచ్చినవారు యంత్రాల రికార్డు అడుగుతారు. వీరి బిల్లులో “కప్పీ లేత్ పని” అన్న ఒక్క ముక్కే ఉంటుంది. గేజి కొలతలు, మార్చిన బేరింగు నంబరు, పరీక్ష ఫలితం మా మనిషే అక్కడ నిలబడి పుస్తకంలో రాసుకుని మేస్త్రీ చేత సంతకం పెట్టించుకుంటున్నాడు.

ధర లేత్ గంటల లెక్కన, న్యాయంగానే ఉంటుంది. వానలకు గుంతల్లో నీళ్లు నిలిచి క్వారీలు ఆగినప్పుడు అందరూ ఒకేసారి కప్పీలు తెస్తారు, అప్పుడు ఆలస్యం తప్పదు. మార్చి వేసుకోవడానికి ఇంకో కప్పీ ఉన్నవారు వేసవి చివర్లోనే పంపడం మంచిది.