మూడేళ్లు డీప్ లైబ్రరీ వాడాక నా మాట

డీప్ లెర్నింగ్ గురించి కాదండీ, కెనడాలో లావల్ యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిన పైథాన్ లైబ్రరీ పేరు కూడా డీపే (DEAP). జీవ పరిణామంలా తరతరాలుగా మెరుగైన జవాబు వెతికే జెనెటిక్ అల్గారిదమ్‌లు రాసుకోవడానికి పనికొస్తుంది. క్లాసిఫికేషన్‌లో (డేటాని వర్గాలుగా విడదీయడంలో) ఏ ఫీచర్లు, అంటే ఏ కొలతలు ఉంచాలో తేల్చుకోవడానికి మూడేళ్లుగా దీన్నే వాడుతున్నాను.

చేయి తిరిగింది సైకిట్-లెర్న్ అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీతో పాటే వచ్చే విస్కాన్సిన్ రొమ్ము క్యాన్సర్ డేటా మీద. 569 నమూనాలు, 30 ఫీచర్లు, ఒక్కోటి ఉంచాలా తీసేయాలా అని చూస్తే 107 కోట్లకు పైగా కలయికలు. ఒక్కో కలయికని 30 అంకెల వరుసగా రాస్తాం, ఉంచితే ఒకటి, తీసేస్తే సున్నా, మంచి స్కోరు వచ్చిన వరుసల్ని జతకలిపి, అక్కడక్కడా ఒక అంకె తిప్పేస్తే కొత్త తరం వస్తుంది.

మొదటి వారం ఒక్క కామా నన్ను ఏడిపించింది. ఫిట్‌నెస్ (వరుసకి వచ్చే స్కోరు) ఒకటే అయినా టపుల్‌గానే (పైథాన్‌లో బ్రాకెట్లలో రాసే జాబితాగానే) ఇవ్వాలి, (1.0) కాదు (1.0,) అని రాయాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఇదే చూసుకోండి.

టైమ్ బాగానే తింటుంది. జనాభా 50 వరుసలు, 40 తరాలు, క్రాసోవర్ (జతకలిపే అవకాశం) 0.5, మ్యుటేషన్ (అంకెలు తిప్పే అవకాశం) 0.2, ఐదు మడతల క్రాస్ వాలిడేషన్ (డేటాని ఐదు ముక్కలు చేసి, ఒక్కోసారి ఒక ముక్క మీద పరీక్షించడం) పెడితే మోడల్‌ని ఆరు వేల సార్లకు పైనే ట్రైన్ చేయాలి. వచ్చిన వరుసే మళ్లీ వస్తుంటుంది కాబట్టి పాత స్కోర్లు దాచిపెట్టుకోండి, చాలా కలిసొస్తుంది.

అసలు జాగ్రత్తపడాల్సింది వేరే. సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే అంకె) మార్చి నడిపితే ఒకసారి వ్యాసార్థం మిగిలింది, ఇంకోసారి చుట్టుకొలత మిగిలింది, ఎందుకంటే రెండూ చెప్పేది ఒకటే. మిగిలినవే ముఖ్యమైన ఫీచర్లని డాక్టర్లకు చెప్పేస్తే తప్పు చెప్పినట్టే. ఇంకోటి, అన్ని వేలసార్లు అదే క్రాస్ వాలిడేషన్ స్కోరు కోసం వెతికితే ఆ మడతలకే అలవాటు పడిపోతుంది, నా మొదటి ప్రాజెక్టులో స్కోరు చూసి సంబరపడ్డాక కొత్త డేటా మీద పడిపోయింది. టెస్ట్ డేటాని మొదటే పక్కన పెట్టి చివరిదాకా ముట్టుకోవద్దు, దయచేసి.

30 ఫీచర్లకే అయితే ఎల్1 లాజిస్టిక్ రిగ్రెషన్ (అక్కర్లేని ఫీచర్ల బరువుని సున్నా చేసేసే పద్ధతి) చాలు, సెకన్లలో పని అయిపోతుంది. ఫీచర్లు వందల్లో ఉండి, ఒక్కో పరీక్షకి అయ్యే ఖర్చు కూడా లెక్కలోకి రావాలంటే మాత్రం ఇప్పటికీ డీపే తెరుస్తాను. స్కోరు పెరగాలి, ఖర్చు తగ్గాలి అని వెయిట్స్ (1.0, -1.0) పెట్టి, రెండు లక్ష్యాల్నీ కలిపి చూసే ఎన్‌ఎస్‌జీఏ-2 సెలెక్షన్ వాడితే స్కోరు, ఖర్చు రెండూ పక్కపక్కన కనిపిస్తాయి, ఎక్కడ ఆగాలో మనమే ఎంచుకోవచ్చు.